కింది స్వరం ఎవరిది

కిందటి వారం మనం ఆమెను పియానో ముందు, పది వేళ్ళూ మెట్ల మీద ఆనించి ఉండగా వదిలి వచ్చాం. "ఆపు వదినా!" అని గుమ్మంలోంచి కేక వేసినవాడు బేసు వాయించే మరిది. వరసకు మరిదే గాని రక్తసంబంధం ఏమీ లేదు. ఆమె భర్త పక్కన నిలబడి ఇరవై రెండేళ్ళుగా హోటల్ లాబీలో శనివారం సాయంత్రాలు జాజ్ వాయిస్తున్న మనిషి. ఆరడుగుల మీద ఇంకో జానెడు ఉంటాడు కనక అందరూ నిచ్చెన అంటారు. అతనూ పలుకుతాడు.

మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి ఆమె భర్త ఎడమ చెయ్యి పడిపోయింది. ఆయన పియానో కుర్చీ పరాయివాళ్ళ పాలు కాకూడదని, ప్రార్థన మందిరంలో పాటలకు వాయించుకునే ఆమె ధైర్యం చేసి నాలుగు శనివారాలుగా అక్కడికి వెళ్ళి కూర్చుంటోంది. రేపు అయిదింటికి మేనేజరు స్వయంగా వింటానన్నాడు. సరిపోతే ఆయన కోలుకునేదాకా కుర్చీ ఈ ఇంటిదే. సరిపోకపోతే వచ్చే వారం నుంచి కొత్త మనిషి.

"ఏం ఆపమంటావు? ఇంకా మొదలే పెట్టలేదు" అంది ఆమె.

"మొదలుపెట్టకముందే ఆపమంటున్నా. నాలుగు శనివారాలు ఓర్చుకున్నాను వదినా. రేపు మేనేజరు ముందు కూడా ఓర్చుకుంటే నన్ను మనిషనరు, బల్ల అంటారు."

"ఏం చేశానయ్యా నేను?"

"నా నెత్తిన కూర్చుంటున్నావు."

ఆమెకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. అతను మనిషంత ఎత్తున్న ఆ తీగల బేసును రెండంతస్తులు మోసుకొచ్చి రొప్పుతున్నాడు. దాన్ని జాగ్రత్తగా గోడవార నిలబెట్టి, మంచినీళ్ళు అడిగి, గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. పైవాటాలో ఎవరో పొద్దుటి నుంచీ గోడకు రంధ్రాలు వేస్తున్నారు. మిషను చప్పుడు ఆగినప్పుడల్లా ఇంకెక్కడ మొదలవుతుందోనని ఆమె భుజాలు బిగుసుకుంటున్నాయి.

"పుస్తకంలో మొదటి పేజీ వాయించు" అన్నాడు నిచ్చెన.

ఆ పుస్తకం సంగతి కాస్త చెప్పాలి. ప్రార్థన మందిరంలో ఆమెకు అలవాటైన స్వరాల గుత్తులన్నీ మూడేసి స్వరాలవి. స, గ, ప. ఒకటి విడిచి ఒకటి. అక్కడితో ఇల్లు కట్టినట్టే, గృహప్రవేశం చేసెయ్యవచ్చు. జాజ్ వాళ్ళు అక్కడ ఆగరు. అదే పద్ధతిలో ఒకటి విడిచి ఒకటి ఎక్కుతూనే పోతారు. ఏడోది ని, తొమ్మిదోది పై రి, పదకొండోది పై మ, పదమూడోది పై ద. ఉన్నవే ఏడు స్వరాలైతే పదమూడు దాకా ఎలా లెక్కపెట్టారని మొదటి రోజు ఆమె భర్తను అడిగింది. "మేడ మీద అద్దెకున్నది ఎవరని వెళ్ళి చూస్తే కింద ఉన్నవాళ్ళే" అన్నాడాయన. మంచం మీద పడ్డాక ఆయన వేసిన మొదటి జోకు అదే.

ఆ గుత్తులన్నీ ఆయన కుర్రతనంలో ఒక నీలం అట్ట పుస్తకంలో రాసుకున్నాడు. చిక్కేమిటంటే, ఏ గుత్తీ నిండుగా లేదు. పైన 'రి తొమ్మిది', అంటే రి నుంచి తొమ్మిదో స్వరం దాకా ఎక్కే గుత్తి, అని రాసి, కింద మ, ద, స, గ అని నాలుగు స్వరాలే పెట్టాడు. మరి రి ఏదీ? 'ప పదమూడు' అని రాసి మ, ద, ని, గ. ప ఏదీ? పెళ్ళికొడుకు పేరు మరిచిపోయి శుభలేఖ అచ్చువేసినట్టు పుస్తకం నిండా ఇదే వరస. తొందరలో రాసుకున్నాడు కాబోలనుకుంది. సగం చేసి వదిలిన పని కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. ఎర్ర పెన్ను తీసుకుని, లేని స్వరాన్ని ప్రతి గుత్తి కిందా చేర్చింది. నూట పద్నాలుగు గుత్తులు. ఇరవై ఆరు రోజులుగా అలాగే సాధన చేస్తోంది.

అందులో ఆమె తప్పేమీ లేదు. ప్రార్థన మందిరంలో వందమంది పాడతారు, అందులో తొంభైమందికి శ్రుతి అంటే ఏమిటో తెలియదు. కింది స్వరం గట్టిగా పట్టి ఉంచకపోతే పాట సగంలోకి వచ్చేసరికి అందరూ కలిసి మెల్లగా జారిపోతారు. ఆమె ఎడమ చిటికెనవేలు ముప్పై ఏళ్ళుగా ఆ వందమందినీ మోస్తోంది. దేవుడి సేవలో నేర్చుకున్న అలవాటు తప్పెలా అవుతుందని ఎవరనుకుంటారు?

ఆమె వాయించింది. చిటికెనవేలు రి మీద, మిగతావి పైన. నిచ్చెన తన బేసు మీద అదే రి మీటాడు.

గది అడుగున ఏదో ముద్దకట్టినట్టయింది. ఒకే మాటను ఇద్దరు వెంట్రుకవాసి తేడాతో చెబుతుంటే ఎవరి మాటా అర్థం కానట్టు.

"ఇప్పుడు ఆ చిటికెనవేలు తీసెయ్."

"తీసేస్తే గుత్తికి ఆధారం ఏదయ్యా?"

"నేను లేనూ? ఆరడుగుల మనిషిని, ఈ రాకాసిని మోసుకుని వచ్చింది ఎందుకనుకున్నావు, వాకిట్లో దిష్టికి నిలబెడదామనా?"

ఆమె వేలు ఎత్తింది. మ, ద, స, గ. ఒంటరిగా వింటే అది అసలు రి గుత్తే కాదు, మ గుత్తిలా ఉంది. ఊళ్ళో దిగి ఏ ఇంటికి పోవాలో తెలియనివాడిలా గాల్లో నిలబడింది. అప్పుడు నిచ్చెన కింద రి మీటాడు.

ఆమె చేతుల మీద రోమాలు లేచాయి. ఆ నాలుగు స్వరాలూ అలాగే ఉన్నాయి, ఆమె ఏదీ కదపలేదు. కాని కింద ఒక్క స్వరం పడగానే వాటి ముఖం మారిపోయింది. కిటికీ తెరిచినట్టయింది.

"ఇప్పుడు ప పదమూడు. చూసుకో, మొత్తం చెయ్యి ఎత్తక్కర్లేదు" అన్నాడు.

మ, ద, స, గ నుంచి మ, ద, ని, గ. స మీద ఉన్న వేలు ఒక్కటే ని మీదికి దిగాలి. మిగతా మూడూ ఉన్నచోటే. ఇన్నాళ్ళూ కింది స్వరాన్ని వెతుక్కుంటూ చెయ్యి మొత్తం ఎత్తి అటూ ఇటూ గెంతడం వల్ల ఆమెకు ఆ సంగతి కనబడనే లేదు. ఒక్క వేలు దిగింది. కింద బేసు రి నుంచి ప కు నడిచింది. తర్వాత గ, ప, ని, రి. కింద స. ఇంటికి చేరారు.

"అన్న ఎప్పుడూ కింది స్వరం ముట్టుకోడు వదినా. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా. అది నా వాటా. పుస్తకంలో రాయకపోవడం మరిచిపోయి కాదు. అక్కడ నేనుంటానని."

నూట పద్నాలుగు ఎర్ర గుర్తుల వంక ఆమె చూసింది. "నాకెవరూ చెప్పలేదే" అనబోయింది. ఆ మాట సగంలోనే ఆగిపోయింది.

పడకగది తలుపు బార్లా తెరిచి ఉంది. ఇరవై ఆరు రోజులుగా తెరిచే ఉంది. ఆయనకు గాలి ఆడాలని ఆమే తెరిచి ఉంచుతుంది.

నిచ్చెన కూడా అటు చూశాడు. అతనికి అర్థమైనట్టుంది. "కింద బండి అడ్డంగా పెట్టొచ్చాను, ఎవరో తిడుతూ ఉంటారు" అని గొణిగాడు. బండి అసలు తెచ్చాడో లేదో. "బేసు ఇక్కడే ఉండనీ. రేపు వచ్చి తీసుకుంటా" అంటూ మెట్లు దిగిపోయాడు.

ఆమె వెంటనే లోపలికి వెళ్ళలేదు. గ్లాసు కడిగింది. కడిగిన గ్లాసును మళ్ళీ కడిగింది. పైన మిషను ఆగింది, మొదలైంది. మనిషికి అడగవలసిన ప్రశ్న ఉన్నప్పుడు ఇంట్లో ఎన్ని పనులు కనబడతాయో!

ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఎడమ అరచేతిలో రబ్బరు బంతి పెట్టుకుని నొక్కుతున్నాడు. వేళ్ళు సగం దాకా ముడుచుకుని అక్కడే ఆగుతున్నాయి.

"విన్నారా?" అంది.

"విన్నాను."

"ఇవాళ్టిది కాదు. ఈ ఇరవై ఆరు రోజులదీ."

ఆయన బంతి వైపే చూస్తున్నాడు. "అదీ విన్నాను."

"'వేలు తియ్యి' అంటే సరిపోయేది. రెండే రెండు మాటలండీ. మీకు పోయింది చెయ్యేగా, నోరు కాదుగా!"

అన్న తర్వాత ఆమె పళ్ళు బిగించుకుంది. అన్న మాటను గిన్నెలా మళ్ళీ కడగలేం. ఆయన మాత్రం నొచ్చుకున్నట్టు కనబడలేదు. అది చూస్తే మరీ భయం వేసింది.

"మొదటి రోజు చెబుదామనే అనుకున్నా" అన్నాడు మెల్లగా. "నాలిక చివరిదాకా వచ్చింది. రేపు చెబుదాంలే అనుకున్నా. మర్నాడు నువ్వు మళ్ళీ అలాగే వాయించావు. ఆ మధ్యాహ్నం నాకు కంటినిండా నిద్ర పట్టింది. మూడు నెలల్లో మొదటిసారి."

"నేను తప్పు వాయిస్తే మీకు నిద్ర పట్టిందా?"

"నువ్వు తప్పు వాయిస్తున్నంతసేపూ ఆ కుర్చీ నాదేననిపించింది."

ఆమె మంచం అంచున కూర్చుంది. కోపం ఉంది, కాని దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. జ్వరంలో ఉన్న పిల్లవాడు కొరికితే చెయ్యి నొప్పెడుతుంది గాని, ఎవరిని కొడతాం?

"రేపు మేనేజరు నన్ను పొమ్మంటే? కుర్చీ మీకూ ఉండదు, నాకూ ఉండదు. అది తోచలేదా?"

"తోచింది. అయినా నోరు రాలేదు. నేనొకటి అడగనా?" అన్నాడు.

"అడగండి."

"నీకు నచ్చిందా, అక్కడ?"

"నచ్చడమేమిటి! ఏదో పని. అంట్లు తోముకున్నట్టే."

"కిందటి శనివారం నువ్వు మెట్లెక్కి వస్తుంటే నీ చెప్పుల చప్పుడు వేరుగా ఉంది. రెండేసి మెట్లు ఎక్కావు. మోకాళ్ళ నొప్పని ఒక్కొక్కటే ఎక్కేదానివి."

ఆయన చెవి గురించి ఆమెకు తెలియనిది కాదు. కాని ఆ చెవికి కూడా వినబడని సంగతి ఒకటుంది. రోజూ పొద్దున్నే దీపం పెట్టి ఆమె దేవుణ్ణి రెండు కోరుతుంది. ఆయన చెయ్యి తిరిగి రావాలని ఒకటి, శనివారం గండం గట్టెక్కాలని ఒకటి. ఈ మధ్య రెండోది ముందు వస్తోంది. నిన్న అయితే దీపం ముందు నుంచి లేచి వంటింట్లోకి వచ్చాక గాని మొదటిది గుర్తురాలేదు. మళ్ళీ వెనక్కి వెళ్ళి చెప్పుకుంది. దేవుడు కోరికల వరస చూస్తాడా? చూస్తే ఏమనుకుంటాడు?

"రండి, నేర్పండి. ఇంకా ఒక పూట ఉంది" అంది లేచి.

ఆయన బంతిని కిటికీలో పెట్టి, కుడిచేత్తో గోడ పట్టుకుని, అడుగు వెనక అడుగు వేస్తూ హాల్లోకి వచ్చాడు. పియానో బల్ల మీద ఆమెకు ఎడమ పక్కన కూర్చున్నాడు. జబ్బు చేశాక ఆ బల్ల మీద కూర్చోవడం ఇదే మొదలు.

"ఆ చిటికెనవేలు ఇలా ఇవ్వు."

"ఎందుకూ?"

"నువ్వు లెమ్మంటే అది లేవదు. ముప్పై ఏళ్ళ మొండిది."

ఆమె ఎడమచేతి చిటికెనవేలిని ఆయన తన కుడిచేత్తో పట్టుకుని పైకెత్తి ఉంచాడు, గాలిపటం దారం పట్టుకున్నట్టు. మిగతా వేళ్ళతో ఆమె వాయించింది. మ, ద, స, గ. ఆ వేలు ఒకసారి కిందికి గుంజింది. ఆయన వదల్లేదు. మ, ద, ని, గ. మళ్ళీ గుంజింది.

"చూశావా? అలవాటైన ఎద్దు కొట్టంలోకే పోతుంది."

"ఎద్దు అంటే ఊరుకోను."

"వేలినన్నాను. నొక్కేముందు స్వరాల పేర్లు పైకి చెప్పు. చెప్పలేనిది నొక్కకు. ఎక్కడైనా తడబడితే నాలుగులో రెండే ఉంచు. మూడోది, ఏడోది. గుత్తి ఆడో మగో చెప్పేవి అవి రెండే. తక్కినవన్నీ నగలు."

"మరి అయిదోది?"

"ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పెళ్ళిలో మేనమామ తోడల్లుడు."

ఆమె నవ్వింది. నవ్వుతూ స గుత్తికి పదకొండోదాన్ని చేర్చబోయింది. మ వెళ్ళి గ కు రాసుకుని గది అంతా కీచుమంది.

"ఆ రెండూ తోడికోడళ్ళు" అన్నాడాయన. "ఒక వంటింట్లో పెట్టకు. మ ను అర మెట్టు పైకి పంపించు, నల్ల మెట్టు మీదికి. ఆ, ఇప్పుడు చూడు, ఎంత మర్యాదగా ఉన్నారో!"

అలా ఒక శ్రుతిలో మూడు గుత్తులూ అయ్యాక ఇంకో శ్రుతిలోకి. అక్కడ మళ్ళీ అదే నడక. ఒక్క వేలు దిగాలి, మిగతావి ఓపిక పట్టాలి. నల్ల మెట్లు వచ్చినచోట చేతులు తికమకపడ్డాయి, మళ్ళీ మొదటికి. నాలుగో శ్రుతిలో వాయిస్తుండగా, తన చిటికెనవేలు కాసేపటి నుంచీ గుంజడం లేదని ఆమె గమనించింది. ఆయనా గమనించే ఉంటాడు. కాని వదల్లేదు. ఆమెకూ విడిపించుకోబుద్ధి కాలేదు.

"రేపు నువ్వు బాగా వాయిస్తావు" అన్నాడు పియానో మెట్ల వైపు చూస్తూ. ఆ మాట ఆయనకు ఎంత కష్టమైందో ఆమెకు తెలుసు. గోడ పట్టుకుని నడిచినంత కష్టం.

"మీ కుర్చీ మీకు జాగ్రత్తగా అప్పజెబుతాను" అంది. చెబుతూనే, ఆ మాటలో ఎన్ని పాళ్ళు నిజమో తనను తాను ప్రశ్నించుకుంది.

ఫోను మోగింది. పియానో మీదే ఉంది. ఆమె కుడిచేత్తో తీసి చెవికి ఆనించుకుంది.

"నమస్కారమమ్మా, మేనేజరుని." వెనక ఏవో కప్పుల చప్పుళ్ళు. "రేపు వినడం అదంతా అక్కర్లేదు. మీరేం కంగారు పడకండి."

"అదేమిటండీ?" అంది ఆమె.

"కిందటి శనివారం మా యజమానిగారు మూల సోఫాలో కూర్చుని మిమ్మల్ని విన్నారు. ఎవరికీ చెప్పలేదు. ఆయనకు బాగా నచ్చింది. ఏదో కింద నుంచి గట్టిగా పట్టి ఉంచినట్టుంది, ఇదివరకు గాల్లో తేలుతున్నట్టుండేది అన్నారు. నాకవి తెలియవనుకోండి."

ఏ తప్పును ఇప్పటిదాకా పట్టి ఆపుతున్నారో, ఆ తప్పే నచ్చిందన్నమాట!

"ఇంకో గంటలో ఈ ఏడాది కార్యక్రమాల కార్డు అచ్చుకు పోతోంది. తాత్కాలికం గీత్కాలికం వద్దు, పియానో దగ్గర ఒక్క పేరే ఉండాలి, ఏడాది పొడుగునా అదే అన్నారు. మీ పేరు వేయమంటారా, ఆయన పేరే ఉంచమంటారా? ఆయన పేరు ఉంచితే వచ్చే వారం నుంచి ఆయనే రావాలి మరి. రాలేకపోతే ఇంకో మనిషిని చూసుకోవలసిందే."

పైన మిషను ఆగింది. ఫోనులోని కప్పుల చప్పుడు కూడా బయటికి వినబడుతోంది.

"ఎవరు?" అన్నాడాయన.

ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. చీటికీమాటికీ ఆడేవాళ్ళకైతే కాస్త మంచిది తోచేదేమో.

"ఎవరో. తప్పు నంబరండీ" అంది, ఫోను చెవి దగ్గర అలాగే పట్టుకుని.

అవతల మేనేజరు ఆ మాట విన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, దయగా అన్నాడు.

"ఆయన పక్కనే ఉన్నారన్నమాట. అర్థమైందమ్మా, మీరేం చెప్పక్కర్లేదు. మీ పేరే వేయిస్తాను."

ఫోను పెట్టేశాడు. ఆమె దాన్ని మెల్లగా పియానో మీద బోర్లించింది. మళ్ళీ చేసి కాదని చెప్పాలి. గంటే ఉంది. చెబితే కుర్చీ పోతుంది. చెప్పకపోతే...

"మ, ద, స, గ" అంది పైకి. వేళ్ళు మెట్ల మీద పెట్టింది.

ఆయన ఆమె చిటికెనవేలు వదిలేశాడు.

"ఇరవై రెండేళ్ళు విన్న గొంతు" అన్నాడు, ఆమె వైపు తిరక్కుండానే. "ఏమంటున్నాడు మేనేజరు?"